గట్టిమేళమూ, కంప్యూటరు మాటలూ
(మన సంఘం ఉగాది సభలో చేసిన ఉపన్యాస పాఠం)



నేను రైల్వేలో గుమాస్తాను. చదివింది మెట్రిక్కు వరకే. "కంప్యూటర్ల మీద నీవేం మాట్లాడతావురా" అని మా అన్నయ్య నిన్ననే ఎగతాళి చేసినాడు. అయినా పగలంతా ఆ పెట్టె యెదుట కూర్చునేవాణ్ణి గనుక తెలిసినంత మనవి చేస్తాను. తప్పులుంటే మన ఇంజనీరు మిత్రులు సభ అయ్యాక దిద్దగలరు.

పెళ్ళిలో మాంగల్యధారణ వేళ పురోహితులు చేయి ఊపగానే గట్టిమేళం మోగుతుంది. ఎందుకు? ఆ క్షణంలో యెవరి తుమ్మూ, యెవరి అపశకునపు మాటా వధూవరుల చెవిని పడగూడదని. మేళగాడు యెవరి నోరూ మూయలేదు. వినేవారి చెవిని నింపివేసినాడు, అంతే. గాలిలో పోయే కంప్యూటరు సందేశాలకు కావాలని అడ్డు తగిలేవాడు చేసేదీ ఇదే. దీనిని జామింగు అంటారు. మేళగాడిది శుభకార్యం, వీడిది కాదు.

తీగ లేకుండా కంప్యూటర్లు మాట్లాడుకునే వైఫై పద్ధతిలో ఒక మర్యాద ఉన్నది. ప్రతి యంత్రమూ ముందు చెవియొగ్గి వింటుంది. మరొకరు మాట్లాడుతుంటే తాను ఆగుతుంది. ఎవడైనా అదే ఫ్రీక్వెన్సీలో ఎడతెగని రొద పెట్టినాడనుకోండి. యంత్రాలన్నీ "వారు ముగించనీ" అని కూర్చుంటాయి. వాడు ముగించడు! ఒకటి రెండు తెగించి పలికినా, రొదలో ఒక్క అక్షరం చెడితే చివరనున్న లెక్క సరిపోదు. లెక్క తప్పిన కాగితాన్ని మా ఆఫీసులో తిప్పి పంపినట్లు, అవతలి యంత్రం ఆ సందేశాన్ని పారవేస్తుంది. ఇవతలిది మళ్ళీ పంపుతుంది, మళ్ళీ పోతుంది. రొద కొంచెమైతే నెట్‌వర్కు నత్తనడక నడుస్తుంది, ఎక్కువైతే నిలిచిపోతుంది.

రెండో రకంవాడు ఇంకా టక్కరి. రొద చేయడు, దొంగమాట పలుకుతాడు. "ఇక నీవు వెళ్ళవచ్చు" అని యంత్రాన్ని సాగనంపే సందేశం వైఫైలో ఒకటి ఉన్నది. చాలాకాలం దానిని యెవరు పలికినా యంత్రాలు నమ్మేవి. అమెరికాలో నాష్‌విల్ పట్టణంలో మారియట్ వారి హోటలులో, అతిథులు సొంతంగా తెచ్చుకున్న వైఫైని ఈ ఉపాయంతోనే తెంపినారు. హోటలు వైఫై కావాలంటే ఒక్కో పరికరానికి 250 మొదలు 1000 డాలర్లదాకా రుసుము! 2014లో అక్కడి ప్రభుత్వ సంస్థ వారిచేత 6 లక్షల డాలర్లు కట్టించింది. 2018లో వచ్చిన కొత్త భద్రతా పద్ధతిలో ఆ సందేశానికి రక్షణ తప్పనిసరి చేసినారు.

ఇక మా శాఖ సంగతి. 2023 ఆగస్టు 25 రాత్రి పోలండు దేశంలో, షెచిన్ పట్టణం చుట్టుపక్కల ఇరవై రైళ్ళదాకా ఉన్నపళంగా నిలిచిపోయినవి. యెవరూ పట్టాలు పీకలేదు. అక్కడి ఇంజన్లలో పాతకాలపు రేడియో ఉన్నది. మూడు స్వరాలు వరుసగా వినబడితే బ్రేకులు వాటంతటవే పడతాయి. ప్రమాదం కనబడితే దగ్గరున్న బండ్లన్నిటినీ ఒక్కసారే ఆపడానికి దయతో పెట్టిన యేర్పాటు అది. ఆ స్వరాలకు తాళం లేదు, పలికినవాడెవడని అడిగే దిక్కు లేదు. కొద్దిపాటి ఖరీదుగల రేడియోతో యెవడో ఆ స్వరాలు వినిపించినాడు. నడుమ రష్యా జాతీయగీతం కూడా పెట్టినాడు. కొన్ని గంటలలో బండ్లు కదిలినవి, యెవరికీ దెబ్బ తగలలేదు. తర్వాతి రోజులలో మరికొన్ని చోట్లా ఇదే జరిగింది. ప్రాణం కాపాడే పనిముట్టునే అల్లరికి వాడుకున్నారే అని నాకు చాలా బాధ వేసింది.

బాధ వేయడానికి వేరే కారణమూ ఉన్నది. అంతకు మూడు నెలల ముందు, జూన్ 2న, మన ఒడిశాలో బహనగా బజారు స్టేషనువద్ద కోరమాండల్ ప్రమాదం జరిగింది. 290 మందికి పైగా పోయినారు. ఆ రాత్రి నేను విచారణ కౌంటరులో ఉన్నాను. మన తెలుగు తల్లి ఒకావిడ కొడుకు బోగీ నంబరు చీటీమీద వ్రాసి పట్టుకొని, "నాయనా, ఇంకొక్కసారి చూడు" అంటూ తెల్లవారేదాకా కదలలేదు. వారంపాటు యెక్కడికి వెళ్ళినా ఒకటే ప్రశ్న: "యెవరో కంప్యూటరును మాయ చేసినారటగదా?" విచారణ జరిపిన రైల్వే భద్రతా కమిషనరు నివేదికలో తేలినది వేరు. సిగ్నలు తీగల మార్పులలో మనుషులు చేసిన పొరపాట్లు! రేడియో అల్లరి కాదు. శత్రువు చేసినాడంటే మనసుకు కొంత తేలిక, మనవాడే సరిచూడలేదంటే మింగుడుపడదు. ఆ తల్లి కొడుకు మూడోనాడు కటకం ఆసుపత్రిలో కనబడినాడు, కాలు విరిగి.

మన రైల్వేలలో వస్తున్న కవచ్ కూడా రేడియోతోనే మాట్లాడుతుంది. దాని పరీక్షలు మన లింగంపల్లి, వికారాబాదు, వాడి మార్గంలో జరిగినవి. పోలండులోలాగా ఇందులో మాట బహిరంగం కాదు. రహస్య సంకేతాల తాళం ఉన్నది. బండి యెక్కడున్నదీ స్లీపర్లకు బిగించిన చిన్న బిళ్ళలు చెబుతాయి. తాళం దొంగమాటను ఆపుతుంది గాని గట్టిమేళాన్ని ఆపలేదు; రొద పెట్టినవాడు బండిని ఆలస్యం చేయగలడు. అందుకే ప్రభుత్వ అనుమతి లేకుండా జామరు కొనడమూ, వాడడమూ మన దేశంలో నేరం. "మా సినిమాహాలులో ఒకటి పెట్టించరాదా?" అని నన్నడిగిన మిత్రుడు ముందువరుసలోనే ఉన్నారు. పెట్టించరాదండీ!

స్టేషనుల మధ్య మా కబుర్లు ఎక్కువగా గాజుదారంలో వెలుతురుగా పోతాయి. రేడియో రొద దానిని అంటదు. చిక్కంతా చివరి నాలుగు గజాల రాగితీగతోనే. నేను పూర్వం పనిచేసిన ఒకచోట ప్రతి మధ్యాహ్నమూ టికెట్ల టెర్మినలు ఆగిపోయేది. క్యూలోనివారు నన్నే తిట్టేవారు. ఎవడో పగబట్టినాడని మేమూ అనుకున్నాం. తీరా చూస్తే గోడ అవతల వెల్డింగు పని. మా తీగ ఆ యంత్రాన్ని ఆనుకొని పోతున్నది. తీగను రెండో గోడకు మార్చిన తర్వాత మళ్ళీ ఆగలేదు.

పులిహోర వడ్డన మొదలయిందని వంటవారు సైగ చేస్తున్నారు. సెలవు.