విద్యుద్వలయము – ఓటు యంత్రము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు గ్రామమున 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు భౌతికశాస్త్రము నభ్యసించి, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున చదివి, 1967లో హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ స్థాపనకు మూలపురుషులైరి. దేశమునకు ఓటు యంత్రములను నిర్మించు రెండు ప్రభుత్వ సంస్థలలో అది యొకటి. ఎలక్ట్రానిక్స్ విద్య నేర్వగోరు యువకునకు ఆ యంత్రమే చక్కని పెద్దబాలశిక్ష.

విద్యుద్వలయ మనగా విద్యుత్తు బ్యాటరీ యొక్క ఒక కొననుండి బయలుదేరి, దీపమును దాటి, రెండవ కొనకు చేరు త్రోవ. త్రోవ ఎచట తెగినను దీప మారును. తెగిన త్రోవను కలుపునది మీట. కాలువకు తూ మెట్టిదో ప్రవాహమునకు నిరోధక మట్టిది. అది లేనిచో చిన్న ఎల్‌ఇడి దీపము మాడిపోవును. వ్రేలు తీసిన పిమ్మటను, మీట నొక్కిన సంగతిని జ్ఞాపక ముంచుకొను వలయములును కలవు. ఓట్ల లెక్క నిలుచుట వానివలననే.

ఇది విద్యలో సగము మాత్రమే. కావ్యమునందు ద్రాక్షాపాకము, నారికేళపాకము అని రెండు కలవు. యంత్రము లోపల నారికేళ మైనను, వెలుపల ద్రాక్ష కావలెను. ఓటు యంత్రమున అభ్యర్థి గుర్తు ప్రక్కనే నీలి మీట యుండును. చేయవలసిన పని కంటికి కనబడును. నొక్కగానే ఎఱ్ఱదీపము వెలిగి, దీర్ఘధ్వని వినబడును. పని జరిగినట్లు తెలియును. అధికారి మరల అనుమతించువరకు రెండవసారి నొక్కినను ఫలము లేదు; పొరపాటునకు తావు లేదు. చూపులేనివారికై బ్రెయిలీ అంకెలు కలవు. కరెంటు లేని ఊరికై బ్యాటరీ కలదు.

ఇది కేవలము సౌకర్యము కాదు. అక్షరము రాని వృద్ధురాలు ఏ మీట నొక్కవలెనని ఇతరుల నడుగవలసి వచ్చినచో ఆమె ఓటు రహస్యము పోవును. రహస్యము పోయినచోట స్వేచ్ఛ నిలువదు.

1982లో కేరళలోని పరవూరు శాసనసభా నియోజకవర్గమున 50 కేంద్రములలో యంత్రము తొలిసారి వాడబడెను. చట్టమున యంత్రము ప్రసక్తి లేనందున 1984లో సుప్రీంకోర్టు ఆ పోలింగును రద్దుచేసెను. పిమ్మట చట్టము సవరింపబడి, 2004 లోక్‌సభ ఎన్నికలలో యంత్రము దేశమంతటను వెలసెను. దీపము వెలిగినను లోపల లెక్క సరిగా పడెనా యను శంక మిగిలెను. అందులకే ఓటరునకు ఏడు సెకండ్లపాటు చీటి చూపు ఏర్పాటు వచ్చి, 2019 నాటికి అన్ని కేంద్రములకును చేరెను. ప్రజల శంకకు సమాధానము చెప్పుటయు యంత్రనిర్మాతకు ధర్మమే.

కావున ఈ గ్రంథాలయమున చదువు బాలురు ఒక బ్యాటరీ, ఒక నిరోధకము, ఒక దీపము, ఒక మీటతో వలయమును కట్టవలయును. కట్టినదానిని చదువురాని పెద్దల ముందుంచి, మౌనముగా చూడవలయును. వ్రేలు తడబడినచో తప్పు వ్రేలిది కాదు, మీటను అమర్చినవానిది.

స్వస్తి.