ఇంట కుట్టుశాల



బొంతలనుగూర్చి రేడియోలో మాటలాడుటకు పండితుడేల యని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వుకొనుడు. కాని మన పల్లెలలో బొంత లేని యిల్లేది? మనమందఱము పుట్టిన నాడు మెత్తని ప్రాతచీర బొంతమీద పరుండినవారమే. సంస్కృతమున దీనిని కంథ యందురు. వంగదేశపు స్త్రీలు కుట్టు బొంతకు నేటికిని అదియే పేరు. సన్న్యాసి భుజముమీదను, పసిబిడ్డ క్రిందను ఉండదగిన వస్తువు ఇదియొక్కటే కాబోలు.

మాది ఇబ్రహీంపట్నము చేరువనున్న బొంగులూరు. హైదరాబాదు చుట్టును వేసిన 158 కిలోమీటర్ల బాహ్యవలయ మార్గము మా యూరి ప్రక్కగా పోవుచున్నది. పొరుగున ఆదిబట్లలో విమానపు భాగములు తయారగుచున్నవి. పొలములు చేతులు మారినవి. మగవారికి కర్మాగారములలోను, బండ్లమీదను ఏదో యొక పని దొరకినది. పొలముపని పోయిన ఆడువారిలో అనేకులు ఇంటిపట్టున చేయదగిన పని కోరుచున్నారు. అట్టివారికి కుట్టుపని తగినది. అయితే దానికి ఇంటిలో ఒక చోటు కావలెను. ఆ చోటు ఇయ్యవలసినవారము ఇంటి పెద్దలమైన మనము. కావున ఈ మాటలు మీతోనే చెప్పుచున్నాను.

కుట్టుశాలకు మొదట కావలసినది వెలుతురు. కుడిచేతివాటము గలవారికి అది ఎడమప్రక్కనుండి రావలెను. లేనియెడల తమ చేతినీడయే సూదిమీద పడును. ఉత్తరపు కిటికీ మేలు. ఎండ నేరుగా పడక, దినమంతయు వెలుగు సమముగా నుండును.

ఈ సంగతి నాకు పుస్తకములవలన తెలియలేదు. మా చెల్లెలు భర్తను కోల్పోయి మా యింటికి వచ్చినప్పుడు కుట్టుమిషను నొకదానిని తెచ్చుకొన్నది. "అన్నా, ఆ కిటికీ దగ్గర జాగా యిస్తావా?" అని యడిగినది. అక్కడ నా పుస్తకముల బీరువా యుండెను. "చూతములే, అమ్మా" యని చెప్పి, వంటయింటి ప్రక్క నడవలో చోటు చూపితిని. నాలుగేండ్లు ఆమె యచ్చటనే కుట్టినది, మరల నడుగలేదు. ఒకనాటి మధ్యాహ్నము "సూదిలో దారమెక్కించి పెట్టు, అన్నా" యన్నది. కండ్లజోడు పెట్టుకొని మూడుమారులు ప్రయత్నించితిని. పట్టపగలు సూదిబెజ్జము నాకు కనబడలేదు. ఆ సాయంకాలమే బీరువా నడవలోనికి పోయినది, మిషను కిటికీ దగ్గరకు వచ్చినది. మూసియున్న పుస్తకమునకు వెలుతురెందులకు? ఆ నాలుగేండ్లు ఆమె కండ్లు పడిన శ్రమను మాత్రము నేను తీర్చలేను.

ఇక పనిముట్లు. అమెరికాలో 1846లో ఎలియాస్ హోవును, 1851లో ఐజాక్ సింగరును కుట్టుయంత్రములకు పేటెంటులు పొందిరి. యంత్రములను తీవ్రముగా విమర్శించిన గాంధీమహాత్ముడు సైతము 1924లో సింగరు మిషనును తన విమర్శనుండి మినహాయించెను. క్రొత్తగా నేర్చువారికి కాలిమిషను మంచిది. రెండు చేతులును బట్టమీద నుండును. కరెంటు పోయినను పని నిలువదు. పలుచని బట్టకు 11వ నంబరు సూది, సాధారణపు నూలుబట్టకు 14, మందపు బట్టకు 16 లేక 18 వాడవలెను. నూనె వేసిన పిదప పనికిరాని గుడ్డపీలికమీద కొంతసేపు కుట్టి, మచ్చ పడుట లేదని నిశ్చయించుకొని, ఆ పిమ్మటనే మంచిబట్ట పెట్టవలెను.

బొంతకు లెక్క సులభము. ఆరుగజముల చీరను సగమునకు మడిచినచో మూడుగజముల పొడవు, సుమారు గజముంబావు వెడల్పు వచ్చును. అట్టి చీరలు రెండు పరచిన నాలుగు పొరలై, ఒక మనిషికి చాలును. చివికిన భాగములు కత్తిరించి, అచ్చట గట్టిగుడ్డ మాటు వేయవలెను. క్రొత్త నూలుబట్ట కలుపునప్పుడు ముందుగా తడిపి ఆరవేయవలెను. లేనిచో మొదటి ఉతుకుననే అది ముడుచుకొని బొంతయంతయు ముడతలు పడును. రంగు దిగునేమో చూచుటకు తడిపిన కొంగును తెల్లగుడ్డపై నొక్కి చూడవలెను. పొరలను చదునైన నేలపై పరచి, నడుమనుండి అంచులవైపునకు పెద్దకుట్లు వేసి నిలిపి, పిమ్మట రెండువ్రేళ్ల యెడముతో వరుసలు కుట్టవలెను. అంచులనుండి లోనికి కుట్టుకొనివచ్చినచో బట్ట నడుమ గుమిగూడి ఉబ్బును.

చోటును, పనియు కుదిరిన తరువాత, మనము తఱచుగా మఱచునది కూలి. గోదావరిమండలపు నరసాపురములో స్త్రీలు ఇంట కూర్చుండి అల్లిన లేసు సముద్రములు దాటి పోయినది. మారియా మీస్ అను జర్మను విదుషి వారినిగూర్చి 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. వారిని గృహిణులనియు, వారి పనిని తీరిక వేళల వ్యాపకమనియు ఎంచుటవలననే కూలి అత్యల్పముగా నిలిచినదని ఆమె అందులో చూపెను. వర్తకుడు అట్లు తలచుటకు ముందు ఇంటివారమే అట్లు తలచుచున్నాము. "ఊరకే కూర్చుండి కుట్టుకొనుచున్నది" అనుమాట మన నోటనే వచ్చును. ఒక బొంతకు ఐదు దినములు పట్టినచో, దారము, సూది, బట్ట, నూనె ఖర్చుతో కూడ ఐదు దినముల కూలియు వెలలో చేరవలెను. ఈ లెక్కకు ఒక చిన్న పుస్తకముండవలెను. వచ్చిన సొమ్ము కుట్టినయామె పేరనే బ్యాంకులో పడవలెను.

మఱియొక సంగతి. కేంద్రప్రభుత్వము 2023 సెప్టెంబరు 17న ఆరంభించిన విశ్వకర్మ పథకమున 18 వృత్తులకు చోటిచ్చిరి. వానిలో దర్జీపని యొకటి. శిక్షణయు, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయమును అందులో ఏర్పరచిరి. పదునెనిమిదేండ్లు నిండియుండవలెనను నియమముతోపాటు, కుటుంబమునకు ఒక్కరికేయను నియమమును పెట్టిరి. ఒక్కరే యనగానే పెద్దల చేయి కొడుకు పేరు వ్రాయబోవును. అయ్యలారా, చేయి నిలిపి చూడుడు. ఇంట కుట్టువారెవరో వారి పేరు వ్రాయుడు.

నేడు ఇంటికి పోయి, మీ యింట మంచి కిటికీ యెచ్చట నున్నదో, దానిక్రింద ఏ వస్తువున్నదో చూడుడు. మీ కోడలో, చెల్లెలో, కూతురో ఆ చోటు అడిగియుండవచ్చును. మా చెల్లెలివలె ఒకసారి యడిగి ఊరకుండియు ఉండవచ్చును. రెండవసారి అడుగువరకు వేచియుండకుడు.