చిన్న కెమెరాకు అదనపు లెన్సు

చిన్న కెమెరా కొన్న కొలది కాలమునకే చాలమందికి ఒక సందేహము కలుగును. దాని ముందు బిగించుకొనుటకు మరియొక లెన్సు అంగడిలో దొరకును గదా, దానిని కొనవలెనా, వలదా? దాని వెల ఒక్కొక్కప్పుడు కెమెరా వెలలోనే చెప్పుకోదగిన భాగమగును. పంట చేతికివచ్చిననాడో, చీర అమ్ముడైననాడో ఖర్చు పెట్టువారు ఈ సొమ్మును గురించి రెండుమారులు ఆలోచించుట న్యాయము. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో ఫోటోలు తీయువారికి సహజముగా ఎదురగు సందర్భములను బట్టి ఈ ప్రశ్నను విచారింతము.

పెద్ద కెమెరాలలో ఒక లెన్సును ఊడదీసి వేరొకటి అమర్చవచ్చును. చిన్న కెమెరాలో ఆ వీలు లేదు. కావున అదనపు లెన్సును ఉన్నదాని ముందే బిగింతురు. దూరపు వస్తువును పెంచి చూపునది టెలి లెన్సు. ఎక్కువ మేరను చిత్రములోనికి తెచ్చునది వైడ్ లెన్సు. ఉదాహరణకు ఫూజీఫిల్మ్ ఎక్స్100 తరగతి కెమెరాలకు 1.4 రెట్ల టెలి లెన్సు, 0.8 రెట్ల వైడ్ లెన్సు గలవు. 35 మిల్లీమీటర్ల దృశ్యమును మొదటిది సుమారు 50కి, రెండవది 28కి మార్చును.

ఈ అంకెలను అడుగులలోనికి మార్చి చూచిన విషయము తేటపడును. 14 మీటర్ల దూరమున నున్న మనిషిని 1.4 రెట్ల లెన్సుతో తీసినను, 10 మీటర్ల దూరమునకు నడచి లెన్సు లేకుండ తీసినను, మనిషి పరిమాణ మొక్కటే. నాలుగు మీటర్ల నడకకు ఇంత సొమ్మా యని అడుగవచ్చును. అయితే దగ్గరకు నడచినపుడు మనిషికిని వెనుకనున్న దృశ్యమునకును గల పొందిక మారును. ముఖచిత్రములు తరచుగా తీయువారికి టెలి లెన్సు అందుకే ఉపకరించును.

నాగర్‌కర్నూలు జిల్లాలోని అమ్రాబాదు పులుల అభయారణ్యమున బండి దిగి జింక వెంట నడువరాదు. అచ్చట టెలి లెన్సు తప్పనిసరియని తోచును. కాని 140 మీటర్ల దూరపు జింక ఆ లెన్సుతో 100 మీటర్ల దూరమున నున్నట్లు మాత్రమే కనబడును. అప్పటికిని అది చిత్రములో చిన్న చుక్కయే. పైగా చేతివణకు కూడ అదే పాళ్లలో పెరుగును. 24 మెగాపిక్సెళ్ల చిత్రమునుండి నడిమి భాగమును అంతమేరకు కత్తిరించుకొన్నను దాదాపు 12 మెగాపిక్సెళ్లు మిగులును. ఏ4 కాగితముపై ముద్రించుటకు అది చాలును. వన్యమృగములే ప్రధానమైనవారు ఆ సొమ్మును దాచి, ఎక్కువ జూమ్ గల కెమెరాకై వేచియుండుట మేలు.

గద్వాల కోటలోగాని, వనపర్తి రాజప్రాసాదము ముంగిటగాని సమస్య దీనికి విపరీతము. కట్టడమంతయు పట్టదు. వెనుకకు జరుగుటకు చోటున్నచో నాలుగడుగులు వేసిన సరిపోవును. 20 మీటర్ల చోట వైడ్ లెన్సు చేయు పని 25 మీటర్లకు జరిగిన జరుగును. వెనుక గోడ యున్నచో ఆ దారి లేదు. కదలని కట్టడమైన రెండు మూడు చిత్రములు తీసి కలుపుకొనవచ్చును. ఇరుకు గదిలో పెండ్లివారి గుంపును అట్లు కలుపుట కష్టము, మనుష్యులు కదలుదురు. అట్టి పనియే వృత్తియైనవారికి వైడ్ లెన్సు సార్థకము.

ఇక గద్వాల చీర. నూలు ఒడలికి పట్టు అంచును కలిపిన తీరు, అంచుపై కోటకొమ్మ నగిషీ దూరముననున్న కొనుగోలుదారునకు కనబడవలెను. నేతవారింట ఈ చిత్రము సరిగా రానిచో చీర వెల తగ్గును. దీనికి టెలిగాని వైడ్‌గాని పనికిరాదు. మొదట కెమెరాలోని దగ్గరిచూపు అమరికను కిటికీ వెలుతురులో పరీక్షింపవలెను. కెమెరా నీడ చీరపై పడుచున్నచో క్లోజప్ లెన్సు కొనవచ్చును. +4 డయాప్టరు గలది సుమారు 25 సెంటీమీటర్ల ఎడమునుండి పని చేయును. దీని వెల తక్కిన రెండింటికంటె సాధారణముగా చాల తక్కువ.

కొనదలచినవారు తమ కెమెరా నమూనాకు అది సరిపడునా, నడుమ అడాప్టరు వేరుగా కొనవలెనా, ఫ్లాషుకు అడ్డువచ్చునా, చిత్రపు మూలలు నల్లబడునా యని దుకాణములోనే చూచుకొనవలెను.

మేము చెప్పున దింతే. ఒక నెల ఉన్న కెమెరాతోనే చిత్రములు తీసి, మనస్సునకు నచ్చనివాటిని విడిగా పెట్టుడు. నడచినను, కత్తిరించినను, వెలుతురు మార్చినను బాగుపడనివి వానిలో ఎన్ని యున్నవో లెక్కింపుడు. ఒకే లోటు పదే పదే కనబడినచో లెన్సు కొనుడు. లేనిచో ఆ సొమ్ముతో నల్లమలకు మరియొకమారు పోయి రావచ్చును.