మగ్గం గుంట నుంచి మూడో అంతస్తుకు

(వార్షికోత్సవ సభలో చెన్నై కుటుంబాల తరఫున చేసిన ప్రసంగం)



"మీకేమండీ, పట్నంలో హాయిగా ఉన్నారు" అని మేము ఊరికొచ్చినప్పుడల్లా మీరంటూనే ఉంటారు. మేమూ నవ్వి ఊరుకుంటాం. ఈరోజు మైకు ఇచ్చారు కాబట్టి ఊరుకోం. మేమంటే వెంకటగిరి, చీరాల, పుల్లంపేట, నారాయణవనం లాంటి ఊళ్ల నుంచి చెన్నై చేరిన నేత ఇళ్లవాళ్లం. పద్మశాలీలం ఉన్నాం, దేవాంగులం ఉన్నాం, తొగటలం ఉన్నాం. కొరుక్కుపేట, తండయార్‌పేట, వ్యాసర్పాడి, మింజూరు, గుమ్మిడిపూండి... ఎక్కడ అద్దె తక్కువైతే అక్కడ ఉన్నాం.

మొదట ఇంటి సంగతి. ఊళ్లో ఇల్లంటే ముందు మగ్గం, తర్వాతే మనుషులు. గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే పొయ్యి మీద అన్నం, వాకిట్లో పిల్లలు, మంచం మీద నాయన, అందరూ కంటికి ఆనేవారు. ఇక్కడ మాకు దొరికేది ఒక 'పోర్షను'. అదీ మూడో అంతస్తులో. గుంట తవ్వుదామంటే నేలేదీ? మన నేల కింద ఇంకొకరి కప్పు. పోనీ స్టాండు మగ్గం వేద్దామంటే, దాని అదురుకి కిందివాళ్లు మెట్లెక్కి వస్తారు. ఊళ్లో మగ్గం చప్పుడు ఆగితే "ఏమైందబ్బా, ఒంట్లో బాగాలేదా" అని పక్కింటివాళ్లు వచ్చేవారు. ఇక్కడ చప్పుడు వినబడితే వస్తారు.

అడ్వాన్సు పది నెలల అద్దె అడుగుతారు. మామయ్య వస్తే ఎన్ని రోజులుంటాడని అడుగుతారు. మోటారు వేసేది పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. కరెంటుకి విడిగా చిన్న మీటరు పెట్టి, యూనిట్‌కి ఇంత అని ఓనరే లెక్క కడతాడు. తమిళనాడులో ఇళ్లకి రెండు నెలలకి 100 యూనిట్లు ఉచితం. ఆ ఉచితం కింది అంతస్తు దాకా వస్తుంది గానీ, మెట్లెక్కి మా దాకా రాదు.

నీళ్ల గురించి చెప్పకపోతే చెన్నై గురించి చెప్పినట్టే కాదు. 2019 వేసవిలో నగరానికి నీళ్లిచ్చే చెరువులు ఎండిపోయి, జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చారు. ఆ ఎండల్లో లారీ ముందు ప్లాస్టిక్ బిందెల వరసలో నిలబడ్డవాళ్లం మేము. అయితే ఒక సంగతి చెప్పుకుని నవ్వుకునేవాళ్లం. చెన్నైకి కృష్ణ నీళ్లివ్వాలని 1983లో తెలుగుగంగ ఒప్పందం జరిగితే, ఆ నీళ్లు నెల్లూరు జిల్లా కండలేరు మీదుగా పూండి చేరేసరికి 1996 అయింది. అంటే మా ఇంటి కుళాయిలో నీళ్లు కూడా మాలాగే ఆంధ్రా నుంచి వలస వచ్చినవే. వాటికీ ఇక్కడికి చేరడం అంత తేలికేం కాలేదు! ఇక వానలొస్తే ఇంకో కథ. ఊళ్లో పెద్ద వానకి గుంటలో ఊట ఊరి నాలుగు రోజులు పని ఆగేది. ఇక్కడ 2015 డిసెంబరులోనూ, 2023 డిసెంబరులోనూ చూశాం. వీధి వీధే గుంట అయిపోయింది.

పని సంగతి చెప్తాం. మన పని కూర్చుని చేసే పని. నడుము నొప్పి, కళ్లు మసక, అవన్నీ నిజమే. కానీ పొద్దంతా నిలబడి చేసే పని మనవాళ్లకి తెలియదు. ఇప్పుడు మా అమ్మాయిలు, కోడళ్లు చాలామంది చీరల షాపుల్లో చేస్తున్నారు. పొద్దున పదింటికి నిలబడితే రాత్రి తొమ్మిదింటికి అడుగు కదపడం. పండగ సీజన్లో అదీ లేదు. వీళ్లు చీర అంచు పక్కన సూదులు గుచ్చుకున్న చిన్న చిన్న రంధ్రాలు చూసి, వెనక్కి తిప్పి చూసి, ఇది చేతి మగ్గందా మరమగ్గందా చెప్పేస్తారు. కొనేవాళ్లకి ఆ తేడా చెప్పే సావకాశం మాత్రం ఉండదు. 2021లో తమిళనాడు ప్రభుత్వం షాపుల చట్టాన్ని సవరించి, పనిచేసేవాళ్లు కూర్చోడానికి వసతి ఉండాలని రాసింది. చట్టంలో కుర్చీ ఉంది. దాన్ని అడిగే నోరు మాకు ఇంకా రాలేదు.

భాష సంగతి. 2006లో వచ్చిన చట్టం ప్రకారం ఇక్కడి బళ్లలో తమిళం ఒకటో తరగతి నుంచి దశలవారీగా తప్పనిసరి అయింది. తమిళం నేర్చుకోవడం మంచిదే. అన్నం పెట్టే ఊరి భాష రాకపోతే ఎట్లా? బాధ అది కాదు. పిల్ల "నిద్ర వస్తోంది" అనకుండా "తూక్కం వస్తోంది" అంటే మేమూ నవ్వేస్తాం. ఊరి నుంచి పెళ్లిపత్రిక వస్తే, అందులో తన పేరెక్కడుందో తెలియక వేలు పెట్టి చూపించమన్నప్పుడు మాత్రం నవ్వు రాదు.

ఇవన్నీ చెప్పి ఊళ్లోనే ఉండాల్సింది అంటే అబద్ధం ఆడినట్టే. ఊళ్లో ఆసు పోసింది ఆడమనిషి, కండెలు చుట్టింది ఆడమనిషి. మజూరి మాత్రం చీర లెక్కన షావుకారు దగ్గర నుంచి మగవాడి చేతికొచ్చేది. ఆమె పని అందులో ఎంత అని ఎవరూ లెక్క కట్టలేదు. ఇక్కడ ఆమె జీతం ఆమె ఖాతాలో పడుతోంది. 2021 మే నుంచి మామూలు ఛార్జీ సిటీ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు. ఆ మిగిలిన డబ్బులు చిన్నవేం కావు. పిల్లలు కాలేజీకి వెళ్తున్నారు. వానాకాలం వచ్చిందంటే అప్పు చేయాలన్న భయం తగ్గింది. నెల తిరిగితే జీతం వస్తుందన్న ధైర్యం మన తాతలకి లేదు, మాకుంది.

మరి ఇంత ఉండి కూడా ఈ గొణుగుడు ఎందుకు? ఈ ప్రశ్నే చాలాసార్లు వేసుకున్నాం. జవాబు కోసం కొంచెం వెనక్కి వెళ్లాలి.

చెన్నపట్నానికి నేతగాళ్లు రావడం ఇవాళ్టి మాట కాదు. గవర్నర్ జోసెఫ్ కాలెట్ కాలంలో, అంటే 1717-1720 మధ్య, తిరువొత్తియూరు దగ్గర నేతపనివాళ్ల కోసం ఒక పేట కట్టారు. అదే ఇవాళ్టి కాలడిపేట. 1734లో గవర్నర్ జార్జ్ మార్టన్ పిట్ కాలంలో, సుంకురామ శెట్టి అనే వర్తకుడి తోటలో ఇంకో పేట వెలిసింది. తమిళంలో 'తరి' అంటే మగ్గం. చిన్న తరి పేట, చింతాద్రిపేట అయిందంటారు. కంపెనీకి మనవాళ్ల మీద ప్రేమ ఉండి కాదు, గుడ్డ కావాలి కాబట్టి పిలిచింది. కానీ దానికి ఒక విషయం తెలుసు. గుడ్డ ఒక్క ఇంట్లో తయారుకాదు. నూలు వడికేవాళ్లు, నేసేవాళ్లు, అద్దేవాళ్లు, ఉతికేవాళ్లు ఒకచోట ఉంటేనే అది బట్ట అవుతుంది. అందుకే ఇంటిని కాదు, పేటని తెచ్చింది.

మన చీరాలనే తీసుకోండి. 1921లో మునిసిపాలిటీ పన్నులకి ఎదురు తిరిగి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట జనం ఇళ్లు వదిలి ఊరి బయట రామనగర్ కట్టుకుని పదకొండు నెలలు ఉన్నారు. పాకల్లో ఉన్నారు, ఎండకి వానకి ఓర్చుకున్నారు. ఎట్లా ఉండగలిగారు? పక్కింటివాళ్లు పక్కనే ఉన్నారు కాబట్టి. ఊరు మారినా వీధి మారలేదు.

మేము మాత్రం ఒక్కొక్క ఇల్లుగా వచ్చాం. ఒకరు సూళ్లూరుపేట రైలెక్కి వచ్చారు, ఒకరు రాత్రి బస్సులో వచ్చారు. మీరంతా పడుగుకి గంజి పెట్టినవాళ్లే. వీధి పొడుగునా పడుగు పరిస్తే, ఇటు నలుగురు అటు నలుగురు పట్టాలి. పోగు తెగితే ఎవరి పడుగని అడక్కుండా పక్కింటివాళ్లే వచ్చి అతికేవారు. ఊళ్లో మన బతుకు కూడా అలాగే సాగింది. నూలు చేబదులు, పిల్లకి సంబంధం, ఒంట్లో బాగాలేకపోతే ఆసుపత్రికి తోడు... వీటికి ఆఫీసు లేదు, వీధే ఆఫీసు. మా గొణుగుడంతా నీళ్ల గురించీ అద్దె గురించీ అనిపిస్తుంది గానీ, అసలు లోటు ఆ వీధి. ఇక్కడ పోగు తెగితే అతికేవాళ్లు లేరు.

ఈ లోటు అందరికంటే ఎక్కువ తగిలేది మా ఇంటి పెద్దవాళ్లకి. అరవై ఏళ్లు నాడె ఆడించిన చేతులు మూడో అంతస్తులో ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాయి. కొడుకూ కోడలూ పనికి, పిల్లలు బడికి. మాట్లాడదామంటే పక్కింటి ముసలమ్మకి తెలుగు రాదు, ఈయనకి తమిళం రాదు. ఆంధ్రలో 50 దాటిన నేతన్నకి పింఛను ఉంది. 2024 జూలై నుంచి నెలకి 4,000. అది ఇంటికే తెచ్చిస్తారు, కానీ ఆ రోజుకి మనిషి ఊళ్లో ఉండాలి. మా దగ్గర నాలుగు నెలలుందామని వచ్చిన పెద్దాయన ఒకటో తేదీ దగ్గరపడగానే సంచీ సర్దుకుంటాడు. డబ్బు కోసమే అనుకునేవాళ్లం. పింఛను తీసుకున్నాక కూడా వారం పదిరోజులు అక్కడే ఉండిపోతుంటే అర్థమైంది, మనుషుల కోసం కూడానని.

ఇంకో మాట. చెన్నైలో మనం పరాయివాళ్లం అని పిల్లలు అనుకోకూడదు. దేశంలోనే పెద్ద చీరల బజార్లలో ఒకటైన టి.నగర్ పేరు ఎవరిదో వాళ్లని అడగండి. సర్ పిట్టి త్యాగరాయ శెట్టి గారిది. తెలుగు దేవాంగుల ఇంట 1852లో పుట్టి, సుమారు వంద మగ్గాల నేతశాల నడిపిన మనిషి. మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉండగా 1920లో థౌజండ్ లైట్స్ కార్పొరేషన్ బడిలో పిల్లలకి మధ్యాహ్నం తిండి పెట్టించారు. ఈ రాష్ట్రంలో బడిపిల్లలకి అన్నం పెట్టే పద్ధతికి అదే మొదలని చెబుతారు. 2021లో మెట్రో రైలు ఉత్తర చెన్నైకి వచ్చినప్పుడు, ఆయన పేరున్న కాలేజీ దగ్గర స్టేషనుకి ఆ పేరే పెట్టారు. మా పిల్లలు రోజూ ఆ స్టేషను మీదుగా పోతారు. అది ఎవరి పేరో వాళ్లకి చెప్పాల్సింది మనమే. మొదటి జాతీయ చేనేత దినోత్సవం కూడా 2015 ఆగస్టు 7న జరిగింది చెన్నైలోనే.

కాబట్టి సమాఖ్య పెద్దల ముందు మూడు కోరికలు పెడుతున్నాం. పెద్ద ఖర్చువేం కాదు.

ఒకటి, పేటకొక ఇల్లు. చెన్నైలో మనవాళ్లున్న ప్రతి పేటలో ఒక కుటుంబం పేరు సమాఖ్య దగ్గర ఉండాలి. ఊరి నుంచి కొత్తగా వచ్చేవాళ్లు మొదట ఆ గుమ్మం ఎక్కాలి. ఏ బడి మంచిది, ఏ వీధిలో నీళ్లు వస్తాయి అన్నది వాళ్లు చెబుతారు. అద్దె ఒప్పందం కాగితం మీద రాయించుకోమని కూడా చెబుతారు. 2019 నుంచి అమల్లో ఉన్న అద్దె చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే మూడు నెలల అద్దెకి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. ఈ ఒక్క ముక్క ముందే తెలిస్తే, సంతకం పెట్టేముందు అడగడానికి కొంచెం ధైర్యం వస్తుంది.

రెండు, ఆదివారం మగ్గం. ఉత్తర చెన్నైలో కింది అంతస్తులో ఒక గది. అందులో ఒక స్టాండు మగ్గం, రెండు రాట్నాలు, ఒక నల్లబల్ల. పెద్దవాళ్లు మగ్గం దగ్గర కూర్చుంటారు, పిల్లలు నల్లబల్ల దగ్గర తెలుగు అక్షరాలు దిద్దుతారు. అందరూ నేతగాళ్లు కావాలని కాదు. పడుగేదో పేకేదో తెలిస్తే చాలు, పెళ్లిపత్రికలో తన పేరు చదువుకుంటే చాలు.

మూడోది ఊళ్లో ఉన్న మీకే. మేము మగ్గం దిగాం గానీ నేత ఇంటివాళ్లం కాకుండా పోలేదు. ఇక మీదట మా ఇళ్లలో జరిగే ప్రతి శుభకార్యానికి ఒక్క చీరైనా నేరుగా మీ సంఘాల దగ్గరే కొనాలని మాలో మేము అనుకున్నాం. మీరు చేయాల్సిందల్లా రకం, ధర, నేసినవారి పేరు ఫోన్లో పంపడం. నేసినవారి పేరు మాత్రం మర్చిపోవద్దు. షాపులో చీరకి అన్ని చీటీలూ ఉంటాయి, ఆ ఒక్క పేరు తప్ప.

బయట గుమ్మం దగ్గర బల్ల మీద ఒక నోటు పుస్తకం పెట్టాం. చెన్నైలో మీ అబ్బాయో, అల్లుడో, చెల్లెలో ఉంటే వాళ్ల పేరు, ఉండే పేట, ఫోను నంబరు రాసి భోజనానికి వెళ్లండి. ఈ సంచికని తర్వాత ఫోన్లో చదివేవాళ్లు మీ ఊరి సంఘం పెద్దలకి చెప్పినా పుస్తకంలోకి చేరుతుంది.