ఎవరి కోసం ఈ విస్తరి?



14వ శతాబ్దపు ఆంగ్లకవి చాసర్ తన కాంటర్‌బరీ కథలలో ఫ్రాంక్లిన్ అనే భూస్వామిని చూపించాడు. అతని ఇంట భోజనబల్ల రోజంతా సిద్ధమే. అయితే పులుసులో ఘాటు తగ్గిందా, వంటవాని పని అయిపోయినట్లే! అతిథితోపాటు తన నాలుకనూ అంతగా ప్రేమించిన మనిషి.

మన గోదావరి సీమలో, లంకల గన్నవరంలో, డొక్కా సీతమ్మగారు (1841–1909) కూడా భూములున్న ఇంటి ఇల్లాలే. ఏరు దాటి అలసి వచ్చిన బాటసారి ఏ వేళ తలుపు తట్టినా లేచి, వండి వడ్డించేవారు. 2024లో మన రాష్ట్రం బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆమె పేరే పెట్టింది.

ఇద్దరికీ ఆస్తి ఉంది, ఇద్దరూ పెట్టారు. మరి మన విందు ఎవరి కోసం? తిరిగి పిలువలేని బీదలను పిలువుమని ప్రభువు లూకా 14వ అధ్యాయములో బోధించెను.

నౌపడ ఉప్పుమడులలో ఎండకు మాడిన చేతులు తీసిన ఉప్పు లేనిదే మన కూర రుచించదు. ఆ చేతులవారు మన పంక్తిలో ఎన్నడైనా కూర్చున్నారా? ఈ ఆదివారం ఒక విస్తరి ఎక్కువ వేయండి.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.