మొగులు పట్టిన రోజు ఫోటో

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఫోటోగ్రాఫరును కాను. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ని. పిల్లలు చేతిలో పెట్టిన ఫోనుతో ఫోటోలు తీయడం ఈ మధ్యనే నేర్చుకున్నాను. కార్యదర్శిగారు మాట్లాడమన్నారు కనుక, నేను చేసిన ఒక తప్పుతోనే మొదలుపెడతాను.

కోరుట్లలో మా అక్క ఉండేది. సద్దుల బతుకమ్మనాడు మొగులు పట్టి ఉంది. అక్క డాబా మీద, తంగేడు, గునుగు, బంతిపూల బతుకమ్మను పట్టుకొని నిలబడి, "తమ్మీ, ఒక్క ఫోటో తియ్యి" అన్నది. వెనక అంతా తెల్లని ఆకాశం. తీశాను. ఆకాశం బాగా వచ్చింది, అక్క ముఖం బొగ్గులా వచ్చింది. చూసి నవ్వింది. "మొగులును మంచిగ తీసినవు తమ్మీ, నేనేడున్న?" అన్నది. మళ్ళీ తీస్తానంటే, పొద్దుపోతున్నది, వద్దన్నది.

మరుసటి సద్దులకు అక్క లేదు. దండ వేయడానికి ఫోటో వెతికితే, ఎవరిదో పెళ్ళి గ్రూపు ఫోటోలో వేలెడంత ముఖం దొరికింది. దాన్నే పెద్దది చేయించాం. మసకగానే ఉంది.

తప్పు మబ్బుది కాదు, నాది. కెమెరా కంటికి మనిషి, ఆకాశం అన్న తేడా తెలియదు. ఎదురుగా ఉన్నదంతా కలిపి నడిమి బూడిద రంగు వెలుగుకు తెస్తుంది. తెల్లని ఆకాశం ఎక్కువగా కనబడితే మొత్తం బొమ్మను తగ్గిస్తుంది, ముఖం నల్లబడుతుంది. అందుకు ఫోను తెర మీద ముఖాన్ని వేలితో తాకండి. పక్కన చిన్న సూర్యుడి గుర్తు వస్తే కాస్త పైకి జరపండి. అంతకన్నా మంచిది, ఆకాశాన్ని బొమ్మలోకి రానీయకుండా, వెనక గోడో చెట్టో ఉండేలా మనిషిని నిలబెట్టడం.

జగిత్యాలలో దీనికి ఎదురు పాఠం నేర్చుకున్నాను. నక్షత్రాకారంలో కట్టిన ఆ ఖిల్లా గోడ వానకు తడిస్తే నల్లగా అవుతుంది. దాని ముందు నిలబెట్టి తీస్తే ముఖం సున్నం కొట్టినట్టు వచ్చింది. నలుపు ఎక్కువైతే కెమెరా వెలుగు పెంచుతుంది. అప్పుడు సూర్యుడి గుర్తును కిందికి జరపాలి.

సిరిసిల్లలో మగ్గాల మీద తెల్లబట్ట తీస్తే మాసిన బట్టలా వచ్చింది. తెలుపు నిండిన చోట మళ్ళీ పెంచాలి. ఈ మూడూ తెలిస్తే సగం పని అయినట్టే.

మబ్బు రోజు మన వయసు వాళ్ళకు ఎండకన్నా మేలు. ఎండలో కళ్ళు చికిలిస్తాం, ముక్కు కింద నల్లటి నీడ పడుతుంది, ముడతలు గీతలు గీసినట్టు కనబడతాయి. మబ్బు అంటే ఆకాశమంత తెల్లగుడ్డ కట్టిన పందిరి. వెలుగు అన్నివైపుల నుంచి మెత్తగా వస్తుంది. చీరల రంగులు, పూల రంగులు తళతళల్లో కొట్టుకుపోకుండా నిండుగా పడతాయి. అయితే వెలుగు నెత్తి మీది నుంచి ఎక్కువ కనుక కళ్ళు గుంటల్లా కనబడవచ్చు. మనిషిని అరుగు అంచున, ముఖం వాకిలివైపు ఉండేలా నిలబెడితే ఆ చిక్కు తీరుతుంది. కళ్ళద్దాల్లో ఆకాశం మెరిస్తే తల కొద్దిగా దించమనండి. ముఖాలు, బట్టలు నీలంగా వస్తుంటే ఫోనులో మబ్బు గుర్తున్న రంగు అమరిక పెట్టండి, వెచ్చదనం వస్తుంది.

మన ఇళ్ళలో ఉండిన ఆగ్ఫా క్లిక్-3 కెమెరా గుర్తుందా? దానికి సూర్యుడి బొమ్మ, మబ్బు బొమ్మ ఉండేవి. దట్టమైన మబ్బులో వెలుగు మంచి ఎండలో ఉన్నదాంట్లో సుమారు 8వ వంతే. అందుకే కెమెరా ఎక్కువసేపు కన్ను తెరిచి ఉంచుతుంది, మన చెయ్యి వణికితే బొమ్మ అలుక్కుపోతుంది. మోచేతులు ఒంటికి ఆనించి, గోడకు ఒరగండి. లేదా 2 సెకన్ల టైమరు పెట్టండి. ముందుగా కండువా అంచుతో లెన్సు తుడవడం మరవద్దు. బతుకమ్మ ఫోటో సాయంత్రం ఆట దగ్గర కాక, ఇంటి నుంచి బయలుదేరేముందే తీయండి. మబ్బురోజు పొద్దు తొందరగా వాలుతుంది.

2021 నవంబరులో కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులకు ముఖం చూపి జీవన ప్రమాణ పత్రం ఇచ్చే పద్ధతి వచ్చింది. దానికీ ఈ అరుగు అంచు వెలుగే మంచిది.

చివరిగా ఒక మాట. మనం మనవల ఫోటోలు వందల్లో తీస్తున్నాం. ఇంట్లో పక్కనే ఉన్న మనిషిది ఒక్కటి తీయం. ఫోటో తీశాక మంచిది ఒకటి ఎంచి కాగితం మీద వేయించండి. ఫోను పోతే అన్నీ పోతాయి.

బయట మొగులు పట్టి ఉంది. సభ ముగిశాక నేను వరండా అంచున ఉంటాను. దంపతులుగా రండి, తీస్తాను, తీయడమూ నేర్పుతాను.