నిర్ణయం కూడలిలోనే జరగాలి
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



'ఎడ్జ్ కంప్యూటింగ్' అనే మాట ఈమధ్య తరచు వినబడుతున్నది. మన కచేరీ భాషలో చెప్పాలంటే ఇది అధికార వికేంద్రీకరణ. 1985లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో తాలూకాల స్థానే మండలాలు వచ్చి, కచేరీ ఊరికి దగ్గరైంది. ఫైలు పైకి వెళ్ళి, నోటు మీద నోటు రాయించుకుని తిరిగి వచ్చేలోగా అవసరమే దాటిపోవడం మనమందరం చూసిందే. కంప్యూటర్ల సంగతీ అంతే. సమాచారమంతా ఎక్కడో దూరాన ఉన్న కేంద్రానికి పంపి జవాబుకు కాచుకోకుండా, పని జరిగేచోటే చిన్న కంప్యూటరు ఉంచి నిర్ణయం తీసుకోవడమే ఈ పద్ధతి.

అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరంలో, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వారు రూపొందించిన 'సర్‌ట్రాక్' విధానాన్ని 2012లో తొమ్మిది కూడళ్ళలో అమర్చారు. ప్రతి కూడలిలోని కంప్యూటరు వచ్చే వాహనాలను గమనించి, ఎటువైపు ఎంతసేపు పచ్చలైటు ఇవ్వాలో తానే నిర్ణయిస్తుంది. ఎన్ని బండ్లు వస్తున్నాయో పక్క కూడలికి కబురు పెడుతుంది. ప్రయాణ కాలం సుమారు 25 శాతం, సిగ్నలు వద్ద నిరీక్షణ 40 శాతం, పొగ 20 శాతం తగ్గాయని నిర్వాహకులు ప్రకటించారు. ఆగిన బండి కూడా పెట్రోలు తాగుతూనే ఉంటుంది కదా!

మరో మేలు కూడా ఉన్నది. లెక్క అక్కడికక్కడే పూర్తయితే కెమెరాలో పడిన మన బొమ్మలన్నీ పైకి పంపనక్కరలేదు.

అయితే ఒక ప్రశ్న. ఆ పెట్టె ఎవరిని లెక్కిస్తుంది? బండ్లనే లెక్కిస్తే, చేతికర్రతో రోడ్డు పక్కన నిలబడ్డ ముసలివాడు లెక్కలోకి రాడు. బండ్లకు మిగిలిన క్షణాలు మన నడకలోంచి కోసినవి కాకూడదు.

సింగపూర్‌లో 2009లో 'గ్రీన్ మ్యాన్ ప్లస్' మొదలుపెట్టారు. వృద్ధులు, వికలాంగులు తమ కార్డును సిగ్నలు స్తంభానికున్న యంత్రానికి తాకిస్తే, రోడ్డు వెడల్పును బట్టి 3 నుంచి 13 సెకన్లు అదనంగా దొరుకుతాయి. అర్జీ లేదు, సిఫారసు లేదు. స్తంభం దగ్గరే మంజూరు!

బ్యాంకుకైనా, మందుల షాపుకైనా, గుడికైనా మనం రోడ్డు దాటక తప్పదు. మన ఊళ్ళలో కొత్త సిగ్నళ్ళు పెట్టేటప్పుడు ఇటువంటి సదుపాయం కల్పించవలసిందిగా తీర్మానం చేసి, పురపాలక అధికారులకు, ట్రాఫిక్ పోలీసువారికి పంపాలని సభను కోరుతున్నాను. ముసాయిదా నేను రాసి తెచ్చాను. సభ్యులు పరిశీలించి ఆమోదించవలసిందిగా ప్రార్థిస్తూ సెలవు తీసుకుంటున్నాను.